అమెరికన్ ఫుట్‌బాల్: ఒక ఎమో బృందం, దాని వారసత్వం

అమెరికన్ ఫుట్‌బాల్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, అర్బానా-షాంపేన్ జంట పట్టణాల్లో 1997లో మొదలై 2000లో విడిపోయి, 2014లో తిరిగి కలిసిన సంగీత బృందం. మొదటి విడతలో సభ్యులు ముగ్గురే. మైక్ కిన్సెల్లా పాడుతూ గిటార్ వాయించేవాడు. రెండో గిటార్ స్టీవ్ హోమ్స్‌ది. డ్రమ్స్, అప్పుడప్పుడూ ట్రంపెట్ స్టీవ్ లామోస్‌వి. ఆ మూడేళ్ళలో వాళ్ళు బయటికి తెచ్చింది మూడు పాటల ఈపీ ఒకటి (1998), తొమ్మిది పాటల ఆల్బమ్ ఒకటి (1999). రెండింటికీ బృందం పేరే పెట్టారు. ఆటకూ వీళ్ళకూ ఏ సంబంధమూ లేదు. ఆ పేరుతో అంతర్జాలంలో వెతికితే ముందు హెల్మెట్లూ మైదానాలూ వస్తాయి, పాటలు ఆ తర్వాత ఎక్కడో కనిపిస్తాయి. ఎవరికీ దొరక్కుండా ఉండాలనుకునే బృందానికి ఇంతకంటే తగిన పేరు ఉండదు.

విడిపోయేనాటికి వీళ్ళ గురించి తెలిసినవాళ్ళు కొద్దిమందే: కాలేజీ పట్టణాల్లో ఇళ్ళ బేస్‌మెంట్లలో జరిగే కచేరీలకు వెళ్ళే కుర్రకారు, చిన్న లేబుళ్ళ రికార్డులు తపాలాలో తెప్పించుకునేవాళ్ళు. ఇప్పుడు మిడ్‌వెస్ట్ ఎమో అనే శాఖ గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వచ్చేది ఆ 1999 ఆల్బమ్ ప్రస్తావనే. ఆలస్యంగా గుర్తింపు పొందిన సంగీతకారులు చరిత్రలో చాలామందే ఉన్నారు. అయితే వీళ్ళు వదిలి వెళ్ళినవి ఇతరులు తీసుకుని తమ పనికి వాడుకోగలిగినవి: గిటార్‌ను శ్రుతి చేసే ఒక పద్ధతి, ఒక ఇంటి ఫొటో, పాటను తేల్చకుండా వదిలేసే ఒక తీరు. ఈ వారసత్వం ఆరాధన మీద కంటే వాడకం మీదే ఎక్కువగా నిలబడింది.

ఎమో, దాని మధ్య పశ్చిమ శాఖ

1980ల నడుమ వాషింగ్టన్ నగరంలో హార్డ్‌కోర్ పంక్ నుంచి చీలిన శాఖ ఎమో. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్ వంటి బృందాలు పంక్ వేగాన్నీ కేకనూ అలాగే ఉంచి, దాని కోపాన్ని లోకం మీది నుంచి తమ లోపలికి తిప్పుకున్నాయి. ఎమో అన్న ముద్ర ఆ బృందాలకే నచ్చలేదు. ఆ తర్వాత దాన్ని మోసినవాళ్ళలోనూ ఇష్టపడి మోసినవాళ్ళు తక్కువ. 1990లు వచ్చేసరికి ఈ సంగీతం రాజధాని దాటి దేశమంతా పాకింది. సియాటిల్‌లో సన్నీ డే రియల్ ఎస్టేట్ 1994లో డైరీ అనే ఆల్బమ్ తెచ్చింది. టెక్సస్‌లో మినరల్, కాన్సస్ సిటీలో గెట్ అప్ కిడ్స్, మిల్వాకీలో ప్రామిస్ రింగ్ వచ్చాయి. వేగం తగ్గింది, శ్రావ్యత పెరిగింది, గిటార్ల అల్లిక చిక్కబడింది. పెద్ద నగరాల ఆర్భాటానికి దూరంగా, మొక్కజొన్న పొలాల నడుమ ఉన్న మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఇది బాగా వేళ్ళూనింది కాబట్టి ఆ శాఖకు మిడ్‌వెస్ట్ ఎమో అన్న పేరు స్థిరపడింది.

అమెరికన్ ఫుట్‌బాల్ వంశవృక్షం మాత్రం క్యాప్'న్ జాజ్ దగ్గర మొదలవుతుంది. షికాగో శివార్లలో 1989లో టిమ్ కిన్సెల్లా, అతని తమ్ముడు మైక్, విక్టర్ విల్లరియల్, శామ్ జురిక్ కలిసి పెట్టుకున్న బృందమిది. అప్పటికి మైక్‌కు పన్నెండేళ్ళు, డ్రమ్స్ అతనివి. గొంతు చించుకుని పాడే టిమ్, ఎటు తిరుగుతాయో తెలియని గిటార్లు, మధ్యలో పిల్లచేష్టల్లాంటి కేరింతలు: ఆ బృందం తీరు అది. 1995లో ఒకే ఒక ఆల్బమ్ తెచ్చారు. దాని పూర్తి పేరు ఒక పేరా అంత ఉంటుంది. అదే ఏడు పర్యటన మధ్యలో బృందం విడిపోయింది. 1998లో జేడ్ ట్రీ అనే లేబుల్ వాళ్ళ పాటలన్నిటినీ రెండు డిస్కుల సంకలనంగా తెచ్చాకే వాళ్ళ పేరు దూరప్రాంతాలకు చేరింది.

క్యాప్'న్ జాజ్ నుంచి పుట్టిన బృందాలను లెక్కపెట్టడం అభిమానులకు ఒక వ్యసనం. చివర్లో గిటారిస్టుగా చేరిన డేవీ వాన్ బోలెన్ ప్రామిస్ రింగ్ పెట్టాడు. టిమ్ జోన్ ఆఫ్ ఆర్క్ పెట్టాడు, మైక్ అందులోనూ వాయించాడు. పాత సభ్యుల్లో నలుగురు తర్వాత ఆవుల్స్ పేరుతో మళ్ళీ కలిశారు. వీటన్నిటి మధ్య, చదువు కోసం ఇంటి నుంచి రెండు గంటల దూరంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళిన మైక్ డ్రమ్స్ వదిలి మైకు ముందుకొచ్చిన ప్రయత్నమే అమెరికన్ ఫుట్‌బాల్. అన్న కేకలు వేసేచోట తమ్ముడు గొంతు తగ్గించాడు. ఈ రెండు ధోరణులూ తర్వాతి తరంలో విడివిడిగా రెండు పాయలయ్యాయి.

ఊరు, లేబుల్

అర్బానా-షాంపేన్ షికాగోకు దక్షిణంగా 220 కిలోమీటర్ల దూరంలో ఉంది. చుట్టూ మొక్కజొన్న, సోయాబీన్ చేలు, నడుమ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం. ఈ విశ్వవిద్యాలయం తెలుగు ఇంజినీరింగ్ విద్యార్థులకూ వాళ్ళ తల్లిదండ్రులకూ యూఐయూసీ అన్న పొట్టిపేరుతో బాగానే తెలుసు. అక్కడి సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలోనే 1993లో మొజాయిక్ బ్రౌజర్ తయారైంది. సామాన్యులకు వెబ్‌ను అలవాటు చేసిన తొలి బ్రౌజర్లలో అది ముఖ్యమైనది. ఆరేళ్ళ తర్వాత అదే ఊళ్ళో రికార్డయిన ఆల్బమ్‌ను పుష్కరం పాటు ప్రాణాలతో ఉంచింది ఆ వెబ్బే కావడం యాదృచ్ఛికమే గానీ, చెప్పకుండా వదలడానికి మనసొప్పదు.

కాలేజీ పట్టణంలో బృందాల ఆయుష్షు చదువుకు కట్టుబడి ఉంటుంది. ఆగస్టులో పుట్టినవి నాలుగేళ్ళ తర్వాత మే నెలలో పోతాయి. ఇళ్ళ అద్దెలు తక్కువ, ప్రతి రెండో ఇంటికీ బేస్‌మెంట్, వినేవాళ్ళకు కరువు లేదు. ఈ ఊరి నుంచే 1990ల్లో బ్రెయిడ్ అనే బృందం వచ్చింది. వాళ్ళ ఫ్రేమ్ అండ్ కాన్వాస్ (1998) ఈ శాఖలో మరో ముఖ్యమైన ఆల్బమ్. పర్యటనల లెక్క తీస్తే ఆ రోజుల్లో బ్రెయిడ్ ముందు అమెరికన్ ఫుట్‌బాల్ నిలవదు.

ఈ రెండు బృందాల రికార్డులనూ తెచ్చింది పాలీవినైల్. మ్యాట్ లన్స్‌ఫోర్డ్ అనే కుర్రాడు, డార్సీ నైట్ అనే అమ్మాయి ఇల్లినాయ్‌లోని డాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ముందు సొంతంగా ఒక చిన్న సంగీత పత్రిక నడిపారు. అదే క్రమంగా రికార్డు లేబుల్‌గా మారింది. అమెరికన్ ఫుట్‌బాల్ కథలో పాలీవినైల్ చేసిన మేలు ప్రచారం కాదు, ఓపిక. బృందం లేకుండా పోయినా ఆల్బమ్‌ను మార్కెట్లోంచి తీసెయ్యలేదు. చిన్న లేబుళ్ళు తరచూ మూతపడే రంగంలో ఇది మామూలు సంగతి కాదు. ఆ కాలపు ఎమో రికార్డులు ఎన్నో లేబుల్‌తో పాటే మాయమై, సంకలనాలుగా తిరిగొచ్చేదాకా ఎవరికీ దొరకలేదు. క్యాప్'న్ జాజ్ ఆల్బమ్‌కు పట్టిన గతీ అదే.

1999 ఆల్బమ్

1999 సెప్టెంబరు 14న విడుదలైన ఈ ఆల్బమ్ అర్బానాలోనే, బ్రెండన్ గ్యాంబుల్ ఆధ్వర్యంలో కొద్ది రోజుల్లో రికార్డయింది. చదువులు ముగుస్తున్నాయని, ఆ వెంటనే ఎవరి దారి వారిదేనని ముగ్గురికీ తెలుసు. చివరికి చేతిలో ఒక గుర్తు మిగలాలన్న కోరికే తప్ప దానితో పైకి రావాలన్న లెక్క లేదు. వినేటప్పుడు ఇది తెలుస్తుంది. తొందర లేదు, ఎవరినీ మెప్పించాలన్న ఆరాటం లేదు. రేడియో కోసం పాటను కత్తిరించిన జాడ లేదు. స్టే హోమ్ అనే పాట ఎనిమిది నిమిషాలు నడుస్తుంది. తొమ్మిదింటిలో రెండు పాటలకు మాటలే లేవు.

మాటలున్న పాటల్లోనూ ఉన్నవి తక్కువే. కిన్సెల్లా పల్చటి గొంతుతో నాలుగైదు వాక్యాలు పాడి తప్పుకుంటాడు, మిగిలినదంతా గిటార్లు చూసుకుంటాయి. పాటల పేర్లు చూస్తేనే విషయం అర్థమవుతుంది. ఒకటి వేసవి అయిపోవడం గురించి, ఒకటి నేనిక వెళ్ళాలని నీకు తెలుసు అనే అర్థంలో, మరొకటి మనమిద్దరం ఇంత ఉద్వేగంలో లేనప్పుడు కలుద్దాం అనే అర్థంలో. ఈ చివరి పేరులో తమ శాఖ పేరు మీదే ఒక చురక ఉంది. పాటలన్నీ కలిపితే ఒక ప్రేమ, ఒక వయసు ముగుస్తున్న కొద్ది వారాల గొడవ. అయితే ముగిసిందని గట్టిగా చెప్పే పాట లేదు. కోపం లేదు, నెపం వేయడం లేదు, ఎదుటి మనిషి చేసిన తప్పేమిటో కూడా తెలియదు. ఎమోలో అప్పటికే బలపడుతున్న ఫిర్యాదు ధోరణి పక్కన పెట్టి చూస్తే ఈ మితత్వం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడి ఆత్మనిగ్రహం కంటే, చెప్పడానికి ఇంకేమీ తోచకపోవడమే దీనికి కారణమని వాదించేవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజమే కావచ్చు.

సంగీతంలో వీళ్ళు తెచ్చుకున్నవి పంక్ అరల్లో దొరికేవి కావు. స్టీవ్ రైక్ మినిమలిస్టు రచనల్లో చిన్న స్వరగుచ్ఛాలు మళ్ళీ మళ్ళీ వస్తూ ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి. వీళ్ళ రెండు గిటార్ల పని తీరు అదే. ఒకరు కొన్ని లెక్కల వరస వాయిస్తుంటే ఇంకొకరు వేరే లెక్కల వరస వాయిస్తారు. రెండూ ఎప్పటికో గానీ ఒకేచోట కలవవు. లామోస్ డ్రమ్స్‌లో జాజ్ చేతివాటం ఉంది, గట్టిగా బాదేచోట కూడా తాళాలు మెత్తగా పలుకుతాయి. అతని ట్రంపెట్ ఆల్బమ్‌లో వచ్చేది కొద్దిచోట్లే అయినా విన్నవాళ్ళు ముందుగా గుర్తుపెట్టుకునేది దాన్నే. ఎమో రికార్డుల్లో ట్రంపెట్ ఈనాడు ఎక్కడ వినిపించినా దాని మూలం ఇక్కడ వెతకవచ్చు.

బృందంలో బేస్ గిటారిస్టు లేడు. రికార్డింగులో బేస్ కిన్సెల్లాయే విడిగా వాయించి చేర్చాడు, కచేరీల్లో అది లేకుండానే నడిపారు. మనిషి దొరక్కపోవడం వల్ల వచ్చిన ఈ వెలితి పాటల అల్లికనే మార్చింది. అడుగున బరువు లేకపోవడంతో గిటార్లు మంద్రం నుంచి తారం వరకు తామే పరుచుకోవాల్సి వచ్చింది. అక్కడే శ్రుతి సంగతి ముందుకొస్తుంది.

ఎఫ్-ఏ-సీ-జీ-సీ-ఈ

మామూలుగా ఆరు తీగల గిటార్‌ను లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఈ-ఏ-డీ-జీ-బీ-ఈ అని శ్రుతి చేస్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ పాటల్లో బాగా ప్రసిద్ధమైన నెవర్ మెంట్‌లో వాడినది ఎఫ్-ఏ-సీ-జీ-సీ-ఈ. ఆరింటిలో మార్చాల్సినవి మూడే. లావు తీగను అర మెట్టు పెంచాలి, మూడోదాన్ని ఒక మెట్టు తగ్గించాలి, అయిదోదాన్ని అర మెట్టు పెంచాలి. ఇలా చేశాక ఏ తీగనూ నొక్కకుండా ఆరింటినీ ఒక్కసారి మీటితే ఎఫ్ మేజర్ నైన్త్ అనే స్వరసముదాయం మోగుతుంది. మేజర్ కాబట్టి దిగులుగా ఉండదు, అందులో చేరిన ఏడో స్వరం, తొమ్మిదో స్వరం వల్ల పూర్తి సంతోషంగానూ ఉండదు. ఈ బృందం మనఃస్థితి ఏమిటని ఎవరైనా అడిగితే గిటార్‌ను ఇలా శ్రుతి చేసి ఒకసారి మీటి చూపిస్తే చాలు.

వాయించేవాడికి దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. నొక్కని తీగలు ఎప్పుడూ ఒకదానికొకటి పొసగుతూనే మోగుతాయి కాబట్టి, ఎడమచేతి వేళ్ళతో ఒకటి రెండు స్వరాలు అటూ ఇటూ జరిపినా అల్లిక చెదరదు. ఒక్కో తీగనూ విడివిడిగా మీటుతూ పోతే గాజుపూసలు రాలినట్టుండే ఆ ధ్వనిని అభిమానులు ట్వింక్లీ అంటారు. సంగీతశాస్త్రం రాని కుర్రాడు కూడా అరగంటలో ఏదో ఒక పాటలాంటిది కట్టగలడు. దీని చెడు పక్క కూడా ఇదే. ఒకే శ్రుతి, ఒకే రకం అల్లిక, పైన నసుగుతూ పాడే గొంతు పెట్టుకుని వచ్చిన పాటలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఒకదాని నుంచి ఒకటి వేరుచేయడం కష్టం.

అయినా వారసత్వమంటే అనుకరణ ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన దిస్ టౌన్ నీడ్స్ గన్స్ (తర్వాత టీటీఎన్‌జీ) 2008లో తెచ్చిన యానిమల్స్ ఆల్బమ్‌లో ఈ అల్లిక మరింత చురుకై, మ్యాథ్ రాక్ అనే లెక్కల సంగీతం వైపు మళ్ళింది. కాలిఫోర్నియాకు చెందిన కోవెట్ బృందంలో యెవెట్ యంగ్ ఇదే శ్రుతిని రెండు చేతుల వేళ్ళతోనూ తీగలను తట్టి వాయించే పద్ధతికి వాడుకుంది. పియానో నేర్చుకుని గిటార్‌కు వచ్చిన మనిషి కావడంతో ఆమె వాయిద్యంలో అది వేరే భాషలా వినిపిస్తుంది. ఇప్పుడు ఏ దేశంలోనైనా యూట్యూబ్‌లో గిటార్ నేర్చుకునే పిల్లలకు ఈ ఆరక్షరాలు ఒక్కమాటలా నోటికి వచ్చేస్తాయి, బృందం పేరు తెలియకపోయినా.

అట్ట మీది ఇల్లు

1999 ఆల్బమ్ అట్ట మీద మనుషులు లేరు. క్రిస్ స్ట్రాంగ్ తీసిన ఒక ఫొటో ఉంది: చీకటి పడుతున్న వేళ, తెల్లటి చెక్క ఇంటి పైభాగాన్ని కింది నుంచి చూసినట్టు, మేడమీద కిటికీలో దీపం. అర్బానాలో వెస్ట్ హై స్ట్రీట్‌లో విద్యార్థులు అద్దెకుండే మామూలు ఇల్లది. ఆ వీధిలో అలాంటివి ఇంకా ఉన్నాయి.

ఈ ఫొటో ఎందుకంత పట్టుకుందో చెప్పడం తేలికే. హాస్టల్ కాని హాస్టల్‌లాంటి ఇంట్లో నలుగురైదుగురితో కలిసి రెండు మూడేళ్ళు గడిపినవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అట్ట మీద ముగ్గురు కుర్రాళ్ళ ముఖాలుంటే అది వాళ్ళ కథయ్యేది. ఇల్లు మాత్రమే ఉండటంతో చూసినవాడు తన కథను అందులో పెట్టుకున్నాడు. బృందం తమను తాము చూపించుకోకపోవడం ఇక్కడా లాభమే చేసింది.

2000ల చివర నుంచి అభిమానులు ఆ ఇంటి ముందుకు వెళ్ళి, తల పైకెత్తి అదే కోణంలో ఫొటో తీసుకోవడం మొదలైంది. తర్వాత అది అంతర్జాలంలో హాస్యానికి ముడిసరుకైంది. ఆ ఇంటిని కార్టూన్లలో, వీడియో ఆటల్లో, పిల్లల ప్లాస్టిక్ దిమ్మెలతో కట్టి పెట్టారు. ఎమో గురించి ఏమీ తెలియనివాళ్ళకు కూడా ఆ ఇల్లు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. 2014లో నెవర్ మెంట్ పాటకు పదిహేనేళ్ళు ఆలస్యంగా వీడియో తీసినప్పుడు దర్శకుడు స్ట్రాంగే, చిత్రీకరణ ఆ ఇంట్లోనే. 2016లో వచ్చిన రెండో ఆల్బమ్ అట్ట మీద అదే ఇంటి లోపలి భాగం ఉంది. ఇన్నాళ్ళూ బయట నిలబడి చూసినవాళ్ళను తలుపు తీసి లోపలికి పిలిచినట్టు. 2019 నాటి మూడో ఆల్బమ్‌కు ఊరు దాటి పొలాల్లోకి వెళ్ళిపోయారు.

2023 మే నెలలో ఆ ఇంటిని బృందం, పాలీవినైల్, స్ట్రాంగ్, ఫొటోగ్రాఫర్ అటీబా జెఫర్సన్, షికాగోకు చెందిన ఓపెన్ హౌస్ కాంటెంపరరీ కలిసి కొన్నారు. కాలేజీ పట్టణాల్లో పాత చెక్క ఇళ్ళను కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టడం రివాజు కాబట్టి, ఆ గతి పట్టకుండా కాపాడటమే ఉద్దేశమని ప్రకటించారు. ఆల్బమ్ అట్ట కోసం వీధిలోంచి తీసిన ఒక ఇంటిని, ఆ ఆల్బమ్ వల్లనే వచ్చిన పేరుతో కొని నిలబెట్టుకోవడం రికార్డుల చరిత్రలో అరుదు.

లేని పద్నాలుగేళ్ళు

ఎవరూ పట్టించుకోని ఆల్బమ్ ఒకనాడు హఠాత్తుగా వెలుగులోకి వచ్చిందన్నది తరచుగా వినిపించే కథ. అది సగమే నిజం. వెలుగు హఠాత్తుగా రాలేదు. 1999 జూన్‌లో, ఈ ఆల్బమ్‌కు మూడు నెలల ముందు, న్యాప్‌స్టర్ మొదలైంది. పాటలను కంప్యూటర్ల మధ్య మార్చుకోవడం అప్పటి నుంచి కాలేజీ హాస్టళ్ళలో రోజువారీ పనైంది. పర్యటనలు చేయని, టీవీలో కనబడని బృందానికి ఇంతకంటే మంచి వాహనం దొరకదు. 2000లలో చేతి నుంచి చేతికి వెళ్ళే ఫైళ్ళు, నెవర్ మెంట్‌కు ఎవరో రాసిపెట్టిన గిటార్ టాబ్‌లు, ఒకరి జాబితా చూసి ఇంకొకరు వినడం: ఆల్బమ్ ఇలా నడిచింది. పాలీవినైల్ దాన్ని అమ్మకంలో ఉంచడంతో, ఫైలు విని ఇష్టపడినవాళ్ళు కొనుక్కోడానికీ దొరికింది.

బృందం సభ్యులు ఈలోగా తమ బతుకుల్లో పడ్డారు. కిన్సెల్లా ఓవెన్ అన్న పేరుతో ఒంటరిగా పాటలు కట్టాడు; 2001 నుంచి వరుసగా ఆల్బమ్‌లు వచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ పాటలు ఎలా పెద్దవై, పెళ్ళయి, పిల్లల్ని కన్నాయో తెలుసుకోవాలంటే ఓవెన్ రికార్డులు వినాలి. సాహిత్యం మాటకొస్తే అవే మెరుగని నా అభిప్రాయం. లామోస్ కొలరాడో విశ్వవిద్యాలయంలో రచన బోధించే ఆచార్యుడయ్యాడు. అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో జాతి వివక్ష, రచనా బోధన గురించి 2011లో ఒక పుస్తకం ప్రచురించాడు. హోమ్స్ సంగీతం బయటి ఉద్యోగంలో స్థిరపడ్డాడు.

అదే కాలంలో ఎమో పేరు మాత్రం వేరే దారి పట్టింది. జిమ్మీ ఈట్ వరల్డ్ 2001లో పెద్ద హిట్ కొట్టింది. మై కెమికల్ రొమాన్స్, ఫాల్ అవుట్ బాయ్ వంటి బృందాలు స్టేడియాలు నింపాయి. ఫాల్ అవుట్ బాయ్ కూడా షికాగో శివార్ల నుంచి వచ్చిందే. కళ్ళకు కాటుక, నుదుటి మీద పడే జుట్టు, నల్ల దుస్తులు: లోకానికి ఎమో అంటే అదే అయింది. దీనికి విసిగినవాళ్ళు వెనక్కి తిరిగి 1990ల రికార్డులను తవ్వడం మొదలుపెట్టారు.

పునరుజ్జీవనం

2008 ప్రాంతం నుంచి కనిపించే ఈ వెనుచూపును విమర్శకులు ఎమో పునరుజ్జీవనం అన్నారు. చనిపోనిదానికి పునరుజ్జీవనమేమిటని బేస్‌మెంట్లలో వాయిస్తూనే ఉన్నవాళ్ళు మండిపడ్డారు. వాళ్ళ మాటలో న్యాయముంది. పెన్సిల్వేనియాకు చెందిన ఆల్జర్నన్ క్యాడ్‌వాలడర్ 2008లో తెచ్చిన సమ్ కైండ్ ఆఫ్ క్యాడ్‌వాలడర్ ఇందులో తొలి మైలురాళ్ళలో ఒకటి. ఇది అన్నయ్య పాయ: క్యాప్'న్ జాజ్ కేరింత, తడబాటు, ఉత్సాహం. మిషిగన్‌కు చెందిన ఎంపైర్! ఎంపైర్! తమ్ముడి పాయ: నిదానం, దిగులు, పొడవైన పాట పేర్లు. ఆ బృందాన్ని నడిపిన దంపతులే కౌంట్ యువర్ లక్కీ స్టార్స్ అనే లేబుల్ పెట్టి, తమలాంటి బృందాలకు తావిచ్చారు. సెయింట్ లూయిస్‌కు చెందిన ఫాక్సింగ్ 2013లో తెచ్చిన ది ఆల్బట్రాస్‌లో ట్రంపెట్ మళ్ళీ ముందుకొచ్చింది. మినసోటాలో టైనీ మూవింగ్ పార్ట్స్ గిటార్ అల్లికను కసరత్తు స్థాయికి తీసుకెళ్ళింది. సింగపూర్‌లో ఫారెస్ట్స్ అనే బృందం ఇల్లినాయ్ మొహం చూడకుండానే మిడ్‌వెస్ట్ ఎమో వాయించి మెప్పించింది.

వీళ్ళందరి మీదా అమెరికన్ ఫుట్‌బాల్ ప్రభావం ఒకే మోతాదులో లేదు. కొందరికి మినరల్, బ్రెయిడ్ అంతకంటే దగ్గర. అయినా కొత్త బృందం వచ్చినప్పుడల్లా పోలిక కోసం పత్రికలు ఎత్తిన పేరు ఇదే కావడంతో, దీని వాటా అసలుకంటే కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. ఒక్క ఆల్బమ్ ఉన్నవాళ్ళకు ఈ సౌలభ్యం ఎప్పుడూ ఉంటుంది. చెత్త రెండో ఆల్బమ్ తెచ్చే అవకాశమే అప్పటికి వాళ్ళకు రాలేదు.

ఎదురైన విమర్శ

ఎమో చరిత్రకు ఒక చీకటి పక్క ఉంది. షికాగో విమర్శకురాలు జెస్సికా హాపర్ 2003లో పంక్ ప్లానెట్ పత్రికలో రాసిన వ్యాసం ఆ శాఖలో ఆడవాళ్ళు పాటకు కారణమే తప్ప పాట కట్టే మనుషులు కారని నిలదీసింది. పాటల్లోని అమ్మాయికి పేరుండదు, నోరుండదు. ఉన్నదల్లా అబ్బాయి గాయం. అమెరికన్ ఫుట్‌బాల్ 1999 ఆల్బమ్‌లో ద్వేషం లేదు గానీ, ఈ నిర్మాణం నుంచి అదీ బయట లేదు. ఎదుటి మనిషి అందులోనూ గది బయటే ఉంటుంది. శాఖ మొత్తం తెల్లజాతి మధ్యతరగతి కుర్రాళ్ళ వ్యవహారంగా ఏళ్ళ తరబడి సాగిందన్నదీ కాదనలేని మాట.

బృందం దీనికి వాదనతో బదులివ్వలేదు. 2019 మూడో ఆల్బమ్‌లో మాత్రం మూడు పాటల్లో కిన్సెల్లాతో పాటు స్త్రీ గొంతులు వినిపిస్తాయి: పారామోర్ గాయని హేలీ విలియమ్స్, స్లోడైవ్‌కు చెందిన రేచల్ గోస్వెల్, కెనడా నుంచి ల్యాండ్ ఆఫ్ టాక్ గాయని ఎలిజబెత్ పవెల్. ఇరవైల్లో ఒంటరిగా గొణిగినవాడు నలభైల్లో సంభాషణకు దిగాడు, ఆ సంభాషణలో తప్పు తనవైపు కూడా ఉంది.

తిరిగి కలవడం

2014 మేలో పాలీవినైల్ తొలి ఆల్బమ్‌ను, డెమోలూ సాధన రికార్డింగులూ చేర్చి కొత్తగా విడుదల చేసింది. బృందం తిరిగి వాయిస్తుందన్న ప్రకటనా ఆ రోజుల్లోనే వచ్చింది. సెప్టెంబరులో సొంత ఊళ్ళో పిగ్మేలియన్ ఉత్సవంలో, అక్టోబరులో న్యూయార్క్ వెబ్‌స్టర్ హాల్‌లో కచేరీలు జరిగాయి. వెబ్‌స్టర్ హాల్‌లో ఒక్క రాత్రి అనుకున్నది టిక్కెట్ల గిరాకీని బట్టి మూడు రాత్రులైంది. తొలి విడతలో బేస్‌మెంట్లలో వాయించినవాళ్ళు, ఎదురుగా తమ మాటలన్నీ కంఠతా వచ్చిన వందలమందిని చూసి బిత్తరపోయారంటే ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న బేస్ స్థానంలో కిన్సెల్లా సోదరవరుసైన నేట్ కిన్సెల్లా చేరాడు. అతను వైబ్రఫోన్ కూడా వాయిస్తాడు. మూడో ఆల్బమ్ మొదలయ్యేదే ఆ గంటల సవ్వడితో. 2021లో లామోస్ తప్పుకుని, 2023లో తిరిగొచ్చాడు.

రెండో ఆల్బమ్‌ను చాలామంది మర్యాదగా మెచ్చుకున్నారు, అంతే. తమనే తాము అనుకరించే జాగ్రత్త అందులో వినిపిస్తుంది. మూడోది అలా కాదు. తొలి ఆల్బమ్ పేరుతో పనిలేకుండా వినదగ్గ రికార్డు, తాగుడు, దాంపత్యం, తండ్రి నుంచి వచ్చిన గుణాల గురించి. అయితే అభిమానుల్లో ఎక్కువమంది ఇప్పటికీ కచేరీ చివర్లో వచ్చే నెవర్ మెంట్ కోసమే ఎదురుచూస్తారు.

2024 అక్టోబరులో ఇరవై అయిదేళ్ళ సందర్భంగా తొలి ఆల్బమ్‌ను మళ్ళీ తెస్తూ, దానితో పాటు అవే తొమ్మిది పాటలను ఇతరులు పాడిన సంచికనూ విడుదల చేశారు. అయాన్ అండ్ వైన్, మాంచెస్టర్ ఆర్కెస్ట్రా వంటి పాతకాపులతో పాటు బ్లాండ్‌షెల్, మెక్సికో గాయని గర్ల్ అల్ట్రా, యెవెట్ యంగ్ అందులో ఉన్నారు. ఫర్ ష్యూర్ అనే పాట అసలు మూడు నిమిషాల పైచిలుకు. ఫ్లోరిడాకు చెందిన ఈథెల్ కెయిన్ దాన్ని బాగా సాగదీసి, మాటలను మసకలో ముంచి, చివరికి గిటార్ల హోరులోకి తీసుకెళ్ళింది. మూల రచనలోని ట్వింక్లీ అల్లిక అందులో దాదాపు వినబడదు. ఆమె పుట్టింది 1998లో, ఈ బృందం మొదటి ఈపీ వచ్చిన ఏడాది.